దర్శి బస్సెక్కిన ఆనందం

మా గుండ్లవాగులో ఒక బస్టాపు ఉంది. దానికి బస్సు రాదు. ఆరేళ్ల కిందట ఊరి పక్కనుంచి బైపాసు పడింది, బస్సులన్నీ అటు మళ్లాయి, సిమెంటు బల్లా రేకుల కప్పూ మాత్రం పాత రోడ్డు మీద మిగిలిపోయాయి. ముప్పై మూడేళ్లు కండక్టరుగా నిలబడి పనిచేసినవాణ్ణి కనుక, బస్సు రాని బస్టాపులో కూర్చోవడంలోని సుఖం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు, చిల్లర కోసం మీద పడేవాళ్లు లేరు.

రోజూ సాయంత్రం నాలుగున్నరకి అక్కడ ముగ్గురం చేరతాం. నేను గోవర్ధనరావుని. రెండో మనిషి కోటిరత్నం. చుట్టుపక్కల ఊళ్లలో సగంమంది మొదటి ఏడుపు ఆవిడ చేతుల్లోనే ఏడ్చారు. నర్సమ్మగా రిటైరైనా ఇప్పటికీ ఎవర్ని చూసినా నోరు తెరవమనేలా చూస్తుంది. మూడోవాడు టైలర్ మీరావలి.

కిందటేడు భార్య హుసేన్‌బీ పోయాక మీరావలి మాట్లాడటం మానేశాడు. అలిగి కాదు. రోజంతా మిషను తొక్కి, చెప్పాల్సినవన్నీ సాయంత్రం ఆమెకి చెప్పుకునే మనిషి. ఆమె లేకపోయేసరికి ఆ మాటలు ఎవరికి చెప్పాలో తెలియలేదు. రెండు నెలలు మా పక్కన బల్ల మీద ఊరికే కూర్చున్నాడు. ఒకరోజు ఉన్నట్టుండి ఖాళీ రోడ్డుకేసి చూసి, "బావా, బస్సు ఇంకా రాలేదేందయ్యా?" అన్నాడు.

పాత అలవాటు కొద్దీ నా నోట్లోంచి, "వెనకాల వస్తంది, ఖాళీగా" అని వచ్చేసింది.

కిక్కిరిసిన బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి ప్రతి కండక్టరూ చెప్పే అబద్ధం అది. నా సర్వీసులో లక్షసార్లు చెప్పి ఉంటాను, ఒక్కసారీ నిజం కాలేదు. మీరావలి నవ్వాడు. నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకుని, పంతొమ్మిదివందల ఎనభై ఆరులో నేను అతన్నీ హుసేన్‌బీనీ ఇదే మాట చెప్పి ఇదే బస్టాపులో వదిలేసి వెళ్లిన సంగతి మొదలుపెట్టాడు. ఆ నవ్వు విన్నప్పుడు నాకు ఏడుపొచ్చిందని చెప్పుకోడానికి సిగ్గుపడను. అప్పట్నుంచి రోజూ ఆ ప్రశ్నా ఆ జవాబూ అయ్యాకే మా సభ మొదలవుతుంది.

ఇలా ఉండగా రాష్ట్రంలో వయోవృద్ధుల అంతర్జాల ఆనందాభివృద్ధి మండలి పుట్టింది. ఎక్కడో చల్లటి దేశంలో చదువుకున్నవాళ్లు పరిశీలించి చూస్తే, ఫోనులో నలుగురితో కలిసిమెలిసి ఉండే ముసలివాళ్లు కాస్త హుషారుగా ఉంటున్నారని తేలిందట. అందులో తప్పేమీ లేదు. కోటిరత్నం రోజూ పొద్దున్నే జగదల్‌పూర్‌లో ఉన్న చెల్లెలితో వీడియోలో పోట్లాడుతుంది. ఆ పోట్లాట లేని రోజు ఆవిడకి కాఫీ దిగదు. అయితే మండలివారు ఇంకొక అడుగు ముందుకేశారు. ఫోనులో ఉన్నవాళ్లు ఆనందంగా ఉన్నారు కనుక, ఫోనులో లేని ఆనందం ఆనందమే కాదని తీర్మానం చేశారు. వానలో గొడుగులు కనిపిస్తున్నాయి కాబట్టి గొడుగు విప్పితే వాన పడుతుందన్నట్టు.

తీర్మానం అయిన పదోరోజు సాయంత్రం మా బస్టాపు ముందు జీపు ఆగింది. జీపైనా ఆగిందని మేం సంతోషించాం. దిగినాయన ఆనంద తనిఖీ అధికారి పద్మాకరరావు. మెడలో గుర్తింపుకార్డు పట్టీ, చేతిలో ట్యాబు, మొహంలో మాత్రం ఆనందం ఛాయ కూడా లేదు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నానని, ఈలోగా మండలాన్ని ఆనందమయం చేసి వెళ్లడం తన ధ్యేయమని పరిచయం చేసుకున్నాడు. ముగ్గురికీ మూడు కొత్త ఫోన్లు ఇచ్చి, ముందు మీరావలిని పట్టుకున్నాడు.

"నిన్నటి దినమున తమరు ఎంతమందితో సామాజిక సంపర్కము నెరపినారు?"

మీరావలి నాకేసి చూశాడు. "ఎంతమందితో మాట్లాడావు అంటన్నారు" అన్నాను.

"ఇద్దరితో సార్. ఈ బావతో, ఆ చెల్లెమ్మతో."

"ఏ వేదిక మీద?"

"ఈ బల్ల మీద."

పద్మాకరరావు ట్యాబు మీద వేలు పైకీ కిందకీ జరిపాడు. "వేదికల జాబితాలో పదకొండు ఉన్నాయి. అన్నీ ఫోనులోనివే. బల్ల లేదు. సున్నా వేస్తున్నాను. ఎన్ని గంటలు?"

"దీపాలు పెట్టేదాకా సార్."

"సున్నా గంటలు. మిత్రుల సంఖ్య?"

"చెప్పా గదా, ఇద్దరని."

"ఫోనులో లేరు కనుక సున్నా." ఆయన గొంతులో నిజంగానే జాలి ధ్వనించింది. "పెద్దాయనా, మీరు ఎంత ఒంటరిగా ఉన్నారో మీకు తెలియడం లేదు."

ఇటుపక్క నేను, అటుపక్క కోటిరత్నం, మధ్యలో ఇరుక్కుని మీరావలి తలాడించాడు.

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. "పై విషయము పురస్కరించుకొని శ్రీ షేక్ మీరావలి గారికి తెలియజేయునదేమనగా, తమరు తీవ్ర ఏకాంత స్థితి యందున్నట్లు నిర్ధారణ అయినందున, నలుబది అయిదు దినముల లోపల నూటికి అరువది ఆనంద మార్కులు సాధించని యెడల, తమరిని జిల్లా ఆనంద పునరావాస కేంద్రము నందు ఇరువది యొక్క దినములు ఉంచెదము."

ఆ కేంద్రం ఎలా ఉంటుందో కోటిరత్నం కనుక్కొచ్చింది. మనిషికో గది, గదికో ఫోను, తలుపుకి బయట గడియ. గడియ ఎందుకని పద్మాకరరావుని అడిగితే, "ఏకాగ్రత కోసం. ఎవరైనా వచ్చి పలకరిస్తే ఒంటరితనానికి చేసే చికిత్స చెడిపోతుంది" అన్నాడట.

మీరావలి కాగితాన్ని గుడ్డముక్క మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేకే గదా బావా ఇక్కడికొచ్చేది" అన్నాడు. "మళ్లా ఒక గదిలో పెట్టి తలుపేస్తే, నేను ఎనక్కి రాను. వచ్చినా మాట రాదు."

"ఎట్టా తీసకపోతారో నేనూ చూస్తా" అంది కోటిరత్నం. "ఫోను ఇట్టా ఇవ్వన్నా."

ఆ సాయంత్రం నుంచి బల్ల మీద పాఠాలు మొదలయ్యాయి. మండలివారి యాప్ పేరు ఆనందమిత్ర. అది గంటకోసారి గంట కొట్టి, "మీరు ఆనందంగా ఉన్నారా?" అని అడుగుతుంది. జవాబుకి ఒకే మీట ఉంటుంది, "అవును" అని. "కాదు" మీట రెండో విడతలో మంజూరవుతుందట. ఒకసారి మా వీధి చివర పెద్దాయన పోతే చూడటానికి వెళ్లాను. శవం పక్కన నిలబడగానే నా జేబులోంచి ప్రశ్న వినపడింది. నొక్కకపోతే మళ్లీ మళ్లీ అడుగుతుంది కనుక అందరి ముందూ "అవును" నొక్కాను. పోయినాయన కొడుకు ఇప్పటికీ నాతో మాట్లాడడు.

మీరావలి త్వరగానే నేర్చుకున్నాడు. సాయంత్రం అయిదింటికి నా పక్కన కూర్చుని నాకు గులాబీపువ్వు మీద "శుభోదయం" పంపేవాడు. నేను అతనికి చేతులు జోడించిన బొమ్మ పంపేవాణ్ణి. కోటిరత్నం మా ఇద్దరికీ మెంతులు నానబెట్టి తాగితే పోయే పద్నాలుగు జబ్బుల జాబితా పంపి, వెంటనే "నర్సుగా చెప్తన్నా, ఇందులో ఒక్కటీ పోదు" అని నోటితో చెప్పేది. నవ్వుకుంటూ పంపుకుంటుంటే మార్కులు నలభై రెండుకి చేరాయి. గట్టెక్కుతామనే అనుకున్నాం.

అప్పుడు రెండో కాగితం వచ్చింది. మూడు ఫోన్లూ రోజూ ఒకేచోట, మూరెడు ఎడంలో, రెండు గంటలసేపు కదలకుండా ఉంటున్నాయని యంత్రం కనిపెట్టిందట. ఒకరికొకరు పక్కనే ఉన్న మనుషులు మెసేజీలు పంపుకోవడం మానవ స్వభావానికి విరుద్ధం కనుక, ఇది మూడు ఫోన్లు పెట్టుకున్న ఒకే మనిషని తేల్చారు. ఇకమీదట లబ్ధిదారులు పరస్పరం మూడువందల మీటర్ల దూరం పాటించాలి. అంతేకాదు, నోటిమాటలు యంత్రంలో నమోదు కాక ఆనందం లీకైపోతున్నందున, నోటితో మాట్లాడదలచినవారు ముందుగా పదిహేడు-బి దరఖాస్తు రెండు ప్రతులలో సమర్పించాలి.

కోటిరత్నం పంతానికి దరఖాస్తు పెట్టింది. మాట్లాడవలసిన వ్యక్తి: గోవర్ధనరావు. ఉద్దేశము: మా ఇంటి నిచ్చెన ఎప్పుడు తిరిగిస్తాడో అడుగుట. తొమ్మిదోరోజున అది తిరిగొచ్చింది. "మాటల సంఖ్య పేర్కొనలేదు. నిచ్చెన ఎత్తు పేర్కొనలేదు."

నవ్వులాటకైతే బాగానే ఉంది గానీ, గడువు ఇరవై రోజులే మిగిలింది. చేసేదిలేక విడిపోయాం. నేను రైసుమిల్లు అరుగు మీద, కోటిరత్నం వాటర్ ట్యాంకు కింద, మీరావలి తన ఇంట్లో. సాయంత్రాలు బల్ల ఖాళీగా ఉండేది. మార్కులు మాత్రం దర్జాగా పెరిగాయి. యాభై, యాభై మూడు, యాభై ఎనిమిది.

ఒకరోజు సందు మలుపులో మీరావలి ఎదురుపడ్డాడు. మూడువందల మీటర్లు లేవు, మూడడుగులే ఉంది. "ఏం బావా, ఎట్టున్నావు?" అన్నాను. అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. జేబులోంచి ఫోను తీసి, బొటనవేలు పైకెత్తిన బొమ్మ నాకు చూపించి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లు గదిలో పెట్టి గడియ వేయకముందే, మేమే అతని చుట్టూ గది కట్టేశామని అర్థమైంది.

కండక్టరుకి కోపమొస్తే విజిల్ ఊదుతాడు. నేను మర్నాడు పొద్దున్నే బైపాసు మీద నిలబడి దర్శి బస్సు ఆపాను. కండక్టరు వీరాంజనేయులు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. మీరావలి ఇంటికెళ్లి అడిగి తెచ్చిన అతని ఫోను వీరాంజనేయులు చేతిలో పెట్టి, "గంటకోసారి ఇది ఆనందంగా ఉన్నావా అని అడుగుద్ది. అవునని నొక్కు. పొద్దున్నే ఎవరన్నా ఏదన్నా పంపితే పదిమందికీ తోయి" అన్నాను.

"ఎక్కడ దించమంటారు గురువుగారూ?"

"దించబాకు. తిరగనీ."

నా ఫోను వినుకొండ బస్సెక్కింది. కోటిరత్నంది చీరాల బస్సులో కిటికీ పక్కన వేలాడింది. "చెల్లెలితో మాట్లాడే ఫోను వేరే ఉందిలే, ఇది పోతే పోనీ" అంది ఆవిడ. ఆ సాయంత్రం నాలుగున్నరకి ముగ్గురం వట్టి చేతులతో బల్ల మీద కూర్చున్నాం. దీపాలు పెట్టేవేళకి మీరావలి గొంతు సవరించుకుని, మొదటిసారి మాటలు నేర్చినవాడిలా, "బావా, బస్సు ఇంకా రాలేదేందయ్యా?" అన్నాడు. నేను మొహం రోడ్డుకేసి తిప్పుకున్నాను. జవాబు కోటిరత్నమే చెప్పింది.

ఇక ఫోన్ల సంగతి. రోజుకి నాలుగు ట్రిప్పులు, ట్రిప్పుకి అరవైమంది జనం. దిగేలోపు ఒక్కొక్కరూ వీరాంజనేయులు భుజాన వేలాడే ఫోనులో తమ నంబరు కొట్టి, "ఇది ఎవరి ఫోను?" అని అడిగి, కథ విని, పెళ్లిఫోటోలూ దోసకాయల ఫోటోలూ కోడెదూడ ఫోటోలూ అందులో వేసి పోయేవారు. వారంలో మీరావలికి వెయ్యిన్నొక్క మంది మిత్రులయ్యారు. యంత్రం దృష్టిలో అతను రోజుకి రెండువందల అరవై కిలోమీటర్లు నడుస్తున్నాడు. గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో నడిచే డెబ్భై ఒక్కేళ్ల మనిషి గురించి మండలిలో ఎవరికీ అనుమానం రాలేదు, ఆనందం ముదిరితే కాళ్లకి బలం వస్తుందని రాసుకున్నారు. మార్కులు నూటికి మూడువందల పన్నెండుకి చేరాయి.

హమ్మయ్య అనుకుంటుండగా మూడో కాగితం వచ్చింది. "రాష్ట్రములోకెల్లా అత్యంత ఆనందభరిత వృద్ధునిగా ఎంపిక కాబడిన శ్రీ మీరావలి గారిని ఆనంద రత్న బిరుదముతో సత్కరించి, వారి ఆనందమును ఇతరులకు అంటించు నిమిత్తము, జిల్లా ఆనంద పునరావాస కేంద్రము నందు ఇరువది యొక్క దినములు ఉంచెదము."

కోటిరత్నం మొదటి కాగితాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. "ఏడ్చినా అదే గది, నవ్వినా అదే గది" అంది.

శాలువా, పూలదండ, గడియ ఉన్న వ్యాను తీసుకుని పద్మాకరరావు సరిగ్గా సాయంత్రం నాలుగున్నరకి వచ్చాడు. మీరావలి బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అతని పక్కన నేను, ఇంకోపక్క కోటిరత్నం. కాన్పుల్లో బిడ్డల్ని లాగి అలవాటుపడ్డ చేతులు కనుక, ఎవరైనా మీరావలిని లాగితే తనూ లాగడానికి ఆవిడ సిద్ధంగా ఉంది.

పద్మాకరరావు మమ్మల్ని చూడనే లేదు. ట్యాబు చూస్తున్నాడు.

"ఇక్కడ ఎవరూ లేరే" అన్నాడు డ్రైవరుతో.

నిజంగా ముగ్గురం ఉన్నాం. నేను దగ్గాను కూడా. ఆయన తలెత్తి మీరావలిని ఎగాదిగా చూశాడు.

"మీరెవరు?"

"మీరావలిని సార్. మీరేగా సున్నా వేసింది."

"అసంభవం. మీరావలి గారు ఈ క్షణంలో అద్దంకి దాటి దర్శి వైపు వెళుతున్నారు. చుక్క కదులుతోంది చూడండి." ట్యాబు మా మొహాలమీదికి తిప్పాడు. "మండలి నిబంధన ఇరవై రెండు ప్రకారం ఫోను ఎక్కడో లబ్ధిదారుడు అక్కడ. మనిషి మాట ప్రమాణం కాదు."

మీరావలి నోరు తెరిచాడు. ఫోనొక్కటే బస్సులో తిరుగుతోందన్న నిజం చెప్పేస్తాడేమోనని భయపడ్డాను. అతను టైలరు, కొలత తప్పుగా రాసి ఉంటే దిద్దకుండా ఉండలేడు. కానీ కోటిరత్నం మోచేయి అతని డొక్కలో దిగింది.

"అవున్సార్" అన్నాడు మీరావలి ఊపిరి పీల్చుకుని. "దర్శి వైపే పోయి ఉంటాడు. నిలకడ లేని మనిషి."

వ్యాను దర్శికి పరిగెత్తింది. అది వెళ్లేసరికి బస్సు తిరుగుదారి పట్టింది. వ్యాను అద్దంకి వచ్చేసరికి బస్సు మళ్లీ దర్శి బయల్దేరింది. మర్నాడంతా అంతే. పూలదండ వాడింది. మూడోరోజు మధ్యాహ్నం దర్శి బస్టాండులో, టీ తాగుతున్న వీరాంజనేయులు భుజాన ఆనంద రత్న దొరికాడు. పద్మాకరరావు నిబంధన ఇరవై రెండుని గుర్తుచేసుకుని, నిటారుగా నిలబడి, కొత్త దండ తెప్పించి ఫోనుకి వేశాడు. శాలువా కప్పాడు. ఫోను సరిగ్గా అప్పుడే, "మీరు ఆనందంగా ఉన్నారా?" అని అడిగిందట. ఆయన తడబడి "అవును" నొక్కాడని వీరాంజనేయులు చెప్పాడు.

ఫోనుని కేంద్రానికి తీసుకెళ్లారు. ఒక గదిలో మంచం మీద పడుకోబెట్టి గడియ వేశారు. గంటకోసారి అది అడిగే ప్రశ్నకి జవాబు నొక్కడానికి ఒక మనిషిని నియమించారు. మూడు రోజులకి బస్సు కుదుపులు లేక దాని మార్కులు పడిపోతే, ఒంటరితనం సోకిందేమోనని పక్కన ఇంకో ఫోను పెట్టారు. మూడువందల మీటర్ల నిబంధన గుర్తొచ్చి మళ్లీ తీసేశారు. ఇరవై ఒక్క రోజులూ పూర్తయ్యాక సంపూర్ణ ఆరోగ్యంతో విడుదల చేసి, ధ్రువపత్రం ఇచ్చి, దర్శి బస్సెక్కించి పంపారు. ఇప్పటికీ ఆ రూట్లోనే తిరుగుతోంది.

మేం మళ్లీ మా బల్ల మీద పడ్డాం. మీరావలి ఇప్పుడు ఎంత మాట్లాడుతున్నాడంటే కోటిరత్నానికే సందు దొరకడం లేదు. హుసేన్‌బీ గురించి చెప్పినవే చెబుతాడు. మేం విన్నవే వింటాం. దీనికి ఎన్ని మార్కులో మాకు తెలియదు.

మొన్న ఒకటో తారీఖు సాయంత్రం పాత రోడ్డు మీద ఒకాయన నడుచుకుంటూ వచ్చాడు. మెడలో పట్టీ లేకపోవడంతో మొదట గుర్తుపట్టలేదు. పద్మాకరరావు. జీపు లేదు, ట్యాబు లేదు. చేతిలో మండలివారిచ్చిన కొత్త ఫోనూ, నాలుగు మడతలు పెట్టిన కాగితమూ ఉన్నాయి.

బల్ల ముందు నిలబడి, ఎటో చూస్తూ, "నిన్ననే రిటైరయ్యాను" అన్నాడు.

"మార్కులు ఎన్నొచ్చినయ్యి సార్?" అంది కోటిరత్నం, నర్సు గొంతుతో.

"నాలుగు." ఆయన కాగితం చేతిలో తిప్పుకున్నాడు. "ఆఫీసు ఫోను అప్పజెప్పేశాను కదండీ. అందులో ఉన్నవాళ్లందరూ ఆఫీసువాళ్లే. పొద్దుటినుంచి ఒక్కరూ... నలభై అయిదు రోజులే గడువు." బాగా చిన్న గొంతుతో, "కండక్టరు గారూ, ఆ దర్శి బస్సు ఎన్నింటికండీ?" అన్నాడు.

ఆయన మీద తీర్చుకోవలసిన కక్ష నా దగ్గర చాలానే ఉంది. పదిహేడు-బి దరఖాస్తు పెట్టుకోమందామని నోటిదాకా వచ్చింది. ఈలోపల మీరావలి జరిగాడు. జరిగి, తన పక్కన పడిన జానెడు చోటుని భుజం మీది తువ్వాలుతో దులిపాడు.

"కూసోండి సార్" అన్నాడు. "వెనకాల వస్తంది, ఖాళీగా."

ఆయన ఖాళీ రోడ్డుకేసి ఒకసారి చూసి, కూర్చున్నాడు.